వంతెన మీద ధనలక్ష్మి

ధనలక్ష్మి నా కోడలు. ఎచ్చెర్లలో యూనివర్సిటీ దాటి నాలుగడుగులు వేస్తే హైవే పక్కన మా టిఫిన్ బండి కనిపిస్తుంది. పొద్దున్న ఇడ్లీ, అట్టు, పూరీ. సాయంత్రం బజ్జీలు, పునుగులు. ఆ బండి దగ్గర తిన్న కుర్రాళ్ళే ఆమె గురించి ఫోనులో రాసుకున్నారు, "ఒక ఆంటీ సెంటిమెంటు వల్ల మన కోట పోయింది" అని. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. అయినా కూడబలుక్కుని మొత్తం చదివాను. రాసినవాడికి అక్షరాలు వచ్చు, సందేహం లేదు. జరిగింది మాత్రం ఒక్క ముక్క రాయలేదు. పక్కన కూర్చుని చూసినదాన్ని నేనున్నాను కాబట్టి నేను రాస్తున్నాను. అక్షరం తప్పు పోతే దిద్దుకోండి. జరిగినదాన్ని మాత్రం దిద్దకండి.

నరసన్నపేట దగ్గర వరి పండించే ఇంట్లో పుట్టింది ధనలక్ష్మి. నలుగురు ఆడపిల్లల్లో మూడోది. మూడోదాన్ని ఎవరూ పట్టించుకోరు, తనంతట తాను పెరిగిపోతుంది. ఎనిమిదో తరగతి చదివింది, అంటే నాకంటే అయిదు క్లాసులు ఎక్కువ. ఆ సంగతి నా ముందు ఎప్పుడూ ఎత్తలేదు, అది ఆమె తెలివి. పందొమ్మిదో ఏట మా నూకయ్యకి చేసుకున్నాం. నూకయ్య లారీ డ్రైవరు. నెలలో పది రోజులు ఇంట్లో, ఇరవై రోజులు రోడ్డు మీద. కాబట్టి ఆమె కాపురం చేసింది ఎక్కువగా నాతోనే. నాతో కాపురం తేలిక కాదని మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు. నేను పది మాటలంటే ఆమె ఒకటి అంటుంది. ఆ ఒక్కటి రెండోసారి అనదు. మొదట్లో పొగరేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది, పొగరే. పొగరున్న మనుషులంటే నాకు గౌరవం.

బండి పెట్టింది నేను. మోకాళ్ళు పోయాక నేను స్టూలు మీద కూర్చున్నాను, ఆమె నిలబడింది. పరీక్షల రోజుల్లో పొద్దున్న ఏడింటికి అరవై మంది ఒక్కసారి మీద పడతారు. చేతులు చాపుతారు, పక్కనుంచి దూరతారు, మా బస్సు పోతుందంటారు. ధనలక్ష్మి అరవదు. పెనం ముందు కాళ్ళు కాస్త ఎడం చేసి నిలబడుతుంది. ఆమె ఎవరి వైపు చూస్తే వాడిది వంతు. లెక్చరర్లు కూడా వంతు దాటి అట్టు తిన్నది లేదు. ఆమెకు పేర్లు గుర్తుండవు, తిండి గుర్తుంటుంది. ఉల్లట్టు అని ఒకడిని, నెయ్యిడ్లీ అని ఒకడిని, కూరొద్దు అని పూరీ ఉత్తదే తినేవాడిని పిలుస్తుంది. వాళ్ళూ పలుకుతారు.

ఉల్లట్టు అసలు పేరు హరిచరణ్. విజయనగరం జిల్లాలో పంతులు గారి అబ్బాయి, ఇక్కడ అయిదేళ్ళ ఎమ్మెస్సీ. మూడేళ్ళ కిందట ఒక సాయంత్రం ఫోను ఆమె చేతిలో పెట్టి, చెయ్యి కడుక్కుని వస్తాను పిన్నీ, ఎవడైనా కొడితే ఈ బొత్తాం నొక్కి పట్టుకో, అని వెళ్ళాడు. తిరిగొచ్చి చూస్తే ఆటలో వాడి బొమ్మ చుట్టూ పన్నెండు మంది శత్రువులు. ఆమె డాలు ఎత్తి పట్టుకుని ఉంది. ఒక్క అడుగు వెనక్కి వెయ్యలేదు. బజ్జీ మాడుతోందని నేను కేకలేస్తున్నాను, ఆమెకు వినపడలేదు. ఇరవై ఏళ్ళలో ఆమె చేతిలో బజ్జీ మాడింది ఆ ఒక్కసారే.

ఆ వారమే హరిచరణ్ ఆమె ఫోనులో ఆట పెట్టి, ఆమెకంటూ ఒక బొమ్మను తయారు చేశాడు. బొమ్మకి పేరు కావాలంటే వాళ్ళమ్మ పేరు చెప్పింది, గున్నమ్మ అని. ఇనప టోపీ, మనిషంత డాలు, పేరు గున్నమ్మ. కుర్రాళ్ళు నవ్వారు. తర్వాత నవ్వడం మానేశారు.

తెలియనివాళ్ళ కోసం ఆ ఆట సంగతి చెబుతాను. దేశంలో ఎక్కడెక్కడివాళ్ళో ఫోనులో ఒకే ఊళ్ళో ఉన్నట్టు తిరుగుతుంటారు. కత్తివాడు కత్తి పని, మందువాడు మందు పని, డాలువాడు డాలు పని చేస్తాడు. ముప్ఫై మంది ఒక గుంపు కడతారు. చెవిలో వైరు పెట్టుకుంటే ఒకరి మాట ఒకరికి వినిపిస్తుంది. ఆమె వైరు పెట్టుకోదు, కాబట్టి నాకూ వినిపిస్తుంది. ఒక కోట ఉంటుంది. ఆదివారం నాలుగు నుంచి అయిదు దాకా గంటసేపు ఆ కోట కోసం కొట్టుకుంటారు. కోటకి ఒకటే దారి, ఇద్దరు పక్కపక్కన పట్టేంత వంతెన. గేటు ముందు ఆ వంతెన మీద డాలు పట్టుకుని నిలబడేది ధనలక్ష్మి. వెనక ఎంతమంది ఉన్నా ఆమె నిలబడినంతసేపే వాళ్ళ బలం.

నాకు మొదట ఒళ్ళు మండింది. నలభై రెండేళ్ళ ఆడమనిషి, ఆదివారం మధ్యాహ్నం, బొమ్మతో. "ఏటే, ఆ బొమ్మకి నువ్వు కూడెడతన్నావా, అది నీకెడతందా?" అని అడిగాను. ఆమె ఫోను నా వైపు తిప్పింది, చూడమన్నట్టు. నేను చూశాను. తప్పు పట్టడానికే చూశాను.

నాకు యుద్ధం కొత్త కాదు. మా ఆయన గంగులు జముకు వాయిస్తూ ఊరూరా కథ చెప్పేవాడు, నేను వెనక వంత పాడేదాన్ని. యుద్ధం కథ ఎక్కడ పండుతుందో, ఎక్కడ చల్లారుతుందో జనం మొహాలు చూసి నేర్చుకున్నాను. వెయ్యి మంది కూలారని చెప్పి చూడండి, ముందు వరసలోవాడు చుట్ట వెలిగించుకుంటాడు. మా ఆయన అలా చెప్పేవాడు కాదు. రేపు పడబోయేవాడు ఇవాళ ఏం తిన్నాడో చెప్పేవాడు. గంజిలో ఉప్పు చాలక పెళ్ళాన్ని కసిరాడని చెప్పేవాడు. తర్వాత వాణ్ణి యుద్ధానికి పంపేవాడు. వాడు పడినప్పుడు చూడాలి, నోట్లో చుట్ట ఉన్నవాడు పీల్చడం మర్చిపోయేవాడు.

ఫోనులో మొదట చూసిన కొట్లాటలు నాకు ఆనలేదు. మంటలు, మెరుపులు, చప్పుళ్ళు. దీపావళి. ఎవడు పడ్డాడో వాడే మళ్ళీ లేచి వచ్చేస్తాడు. ఇదేం యుద్ధమని అన్నాను. అప్పుడు హరిచరణ్ చెప్పాడు, కోట యుద్ధంలో అలా కాదు, పడ్డవాడి చేతిలో ఉన్నది పోతుంది అని. ధనలక్ష్మి ఆ డాలు సంపాదించడానికి ఏడాదిన్నర పట్టింది. పొద్దున్న పప్పు నానబెట్టాక అరగంట, రాత్రి పిండి రుబ్బాక అరగంట. పడితే అది పోతుంది. అది తెలిశాక నా చూపు మారింది. పోయేదేమీ లేనివాడు నిలబడితే గొప్పేముంది, గోడ కూడా నిలబడుతుంది.

పైగా ఆమె ముప్ఫై మందినీ తిండి పేరుతోనే పిలిచేది. "నెయ్యిడ్లీ, నా ఎడమకి రా. కూరొద్దు, నువ్వు ముందుకెల్లకు, నీకు తొందరెక్కువ." ఎవడికి గాభరా, ఎవడికి కోపం, ఎవడు ఆకలితో ఉన్నాడు, అన్నీ ఆమెకు తెలుసు. కూరొద్దు పడిపోయిన రోజు నేను స్టూలు మీంచి లేచి నిలబడ్డాను. ఆ పిల్లాడు పొద్దున్న రెండు పూరీలే తిన్నాడు.

ఇక శత్రువు. మంచి శత్రువు లేకపోతే యుద్ధం పండదు. కోట విజయనగరం వాళ్ళ చేతిలో ఉండేది. వాళ్ళ గేటు దగ్గర డాలు మనిషి మోహనకృష్ణ గారని వయొలిన్ మేష్టారు. యాభై దాటిన మనిషి. ఆయన గుంపులో సగం మంది ఆయన శిష్యులు, మిగతా సగం ఆయన వీధివాళ్ళు. ప్రతి ఆదివారం గంట మొదలవ్వగానే ఆయన వంతెన మీదికి వచ్చి కత్తి దించేవారు. రెండు గుంపులకీ వినబడేట్టు, గున్నమ్మ గారూ, కాఫీలయ్యాయా, అని అడిగేవారు. అయ్యాయి మేష్టారూ, మీకు దెబ్బలయ్యాక పోస్తాను, అని మా కోడలు. ఇంట్లో నోరు విప్పని మనిషి అక్కడ అంత మాటలాడేది. ఎవరి దగ్గర నేర్చుకుందో చెప్పక్కర్లేదు. అరవై మందీ నవ్వేవారు. నవ్వు ఆగాక ఇద్దరూ డాళ్ళు సర్దుకునేవారు. ఆ కాసేపట్లో నేను స్టూలు ముందుకి జరుపుకునేదాన్ని. దెబ్బలు ఆ తర్వాత సంగతి.

మేష్టారు ఎనిమిది దెబ్బలు కొట్టి ఒకసారి ఆగుతారని ఆమె కనిపెట్టింది. తాళం అలవాటైన చెయ్యి కదా. ఆ ఆగిన చోట ఆమె డాలుతో నెట్టేది. ఆమె నెడుతుందని ఆయన కూడా కనిపెట్టారు. ఇలా రెండేళ్ళు. ఒకరినొకరు చూసుకున్నది లేదు, కానీ ఆయన తొమ్మిదో దెబ్బ ఎప్పుడొస్తుందో ఆమెకు తెలిసినట్టు నూకయ్య లారీ ఎప్పుడొస్తుందో కూడా తెలియదు.

పోయిన సీజనులో మా గుంపు బాగా పుంజుకుంది. పన్నెండు ఆదివారాలు ఒక సీజను. ఆఖరి ఆదివారం కోట ఎవరి చేతికొస్తే తర్వాతి సీజను ముగిసేదాకా వాళ్ళ పేరు కోట గోడ మీద ఉంటుంది. హరిచరణ్‌కి అది ఆఖరి ఏడు. చదువైపోతుంది, ఎవరి దారి వాళ్ళది. ఆ గోడ మీద తన గుంపు పేరు చూడాలని వాడికి ప్రాణం. ధనలక్ష్మికి గోడతో పని లేదు. ఆమెకు కావలసింది ఆ చోటు, గుంపు ముందు, గేటుకి ఎదురుగా. ఆమె జీవితంలో ఎవరూ ఇచ్చింది కాదు, నిలబడి సంపాదించుకున్నది అదొక్కటే.

ఆఖరి ఆదివారం పొద్దున్న పదింటికి విజయనగరం నుంచి కబురొచ్చింది. మేష్టారి అమ్మగారు పోయారు. చెల్లెలు రాయగడ నుంచి రావాలి, అయిదు దాటాక గాని శవం లేవదు. వీధివాళ్ళు, శిష్యులు అందరూ అక్కడే ఉంటారు. ఆట గడియారం ఎవరి కోసమూ ఆగదు, మార్చడానికి వీల్లేదు. వాళ్ళు మమ్మల్ని ఏమీ అడగలేదు. గేటు దగ్గర మేం ఆరుగురమే ఉంటాం, రండి, అని మాత్రం రాశారు.

కుర్రాళ్ళు బండి చుట్టూ చేరారు. హరిచరణ్ చెడ్డవాడు కాదు, మొహం వాడిపోయింది. పాపం అన్నాడు, కానీ ఇది మన తప్పు కాదు కదా అన్నాడు. మిగతావాళ్ళు అప్పటికే గోడ మీద పేరు పెద్ద అక్షరాల్లోనా చిన్న అక్షరాల్లోనా అని మాట్లాడుకుంటున్నారు. ధనలక్ష్మి పెనం మీద పిండి పోస్తూ, "శవం లెగలేదు కదరా," అంది. బాధపడుతోందని అనుకున్నారు. ఆమె సంగతి తెలియక అలా అనుకున్నారు. ఆమె ఒక్కసారే చెబుతుందని నేను ముందే రాశాను.

నాలుగయింది. ఆదివారం బండి సాయంత్రం అయిదున్నరకి గాని తెరవం. పరదా దించి, ఫోనుని పంచదార డబ్బాకి ఆనించి కూర్చుంది. నేను పక్కన. ముప్ఫై మందీ వంతెన దగ్గరికి వచ్చారు. ఆమె డాలెత్తి ఎప్పటిలాగే ముందు నడిచింది. అవతల గేటు ముందు ఆరుగురు, బోసిపోయిన కోటకి ఆరు దిష్టిబొమ్మల్లా. వంతెన సగానికి వచ్చాక ధనలక్ష్మి ఆగింది. ఆగి వెనక్కి తిరిగింది. డాలు నేలకి ఆనించి తన గుంపుకి ఎదురుగా నిలబడింది.

నెట్ పోయిందా పిన్నీ అని ఎవరో అడిగారు. బాగానే ఉందంది. మరి తిరిగావేంటని ఇంకొకరు. అప్పుడు ఆమె చెప్పింది, "ఇంట్లో శవం ఉండగా మా ఈదిలో ఎవులూ పొయ్యి ముట్టించరు. అయిదు దాటాక లెగుస్తాది. తరవాత కొట్టుకుందుం."

"తరవాత టైముండదు పిన్నీ, అయిదింటికి అయిపోద్ది," హరిచరణ్ అన్నాడు.

"అయితే లేదు."

ఆ ఆటలో మనిషిలోంచి మనిషి దూరిపోవడానికి లేదు. సొంత గుంపువాణ్ణి కొట్టినా దెబ్బ తగలదు. గంట మొదలయ్యాక గుంపులోంచి ఎవరినీ తీసెయ్యడానికీ లేదు. ఆమె డాలు అడ్డం పెడితే వంతెన మూసినట్టే. ఈ లెక్కలన్నీ ఆమె పొద్దున్నే వేసుకుందో, అక్కడికి వెళ్ళాక తోచిందో నాకు తెలియదు. అడిగితే చెప్పలేదు.

ముప్ఫై గొంతులు ఒక్కసారి లేచాయి. బతిమాలారు, కసిరారు, ఒకరిద్దరు అనరాని మాటలూ అన్నారు. సొంతవాళ్ళే గుంపుగా వచ్చి ఆమె డాలుకి గుద్దుకున్నారు, సముద్రం ఒడ్డున రాయిని కొట్టినట్టు. అవతల ఆరుగురు కత్తులు దించి చూస్తున్నారు. యుద్ధం అంటే ఇది అని నేననుకున్నాను. రెండేళ్ళలో మంటలు చూశాను, మెరుపులు చూశాను, కోటలు కూలడం చూశాను. తనవాళ్ళ ముప్ఫై మంది తిట్ల ముందు వీపు చూపకుండా నిలబడ్డ మనిషిని అదే చూడటం. అక్కడ ఒక్క దెబ్బ పడలేదు, ఒక్క చుక్క రక్తం లేదు. మా ఆయన బతికుంటే ఆ గంట కథని మూడు గంటలు చెప్పేవాడు.

నాలుగూ ఇరవై అయిదుకి బండి బయట మోటార్ సైకిల్ ఆగింది. హరిచరణ్ హాస్టల్ నుంచి వచ్చేశాడు. పరదా ఎత్తి లోపలికి వచ్చి ఆమె ఎదుట నిలబడ్డాడు. ఫోను చేతికందేంత దూరంలో ఉంది. లాక్కోవచ్చు. లాక్కోలేదు. పంతులు గారి పెంపకం అక్కడ కనిపించింది.

"పిన్నీ, అది ఆట. సావు బయట. రెండూ కలపకు."

"లోపల నిలబడింది బయట మనుసులు కాదేటిరా?"

"వాళ్ళు రమ్మనే కదా రాశారు."

"అది ఆల్ల మర్యాద. మన మర్యాద ఏదీ?"

"ఇది నా ఆఖరి సీజను పిన్నీ. నాకు మళ్ళీ రాదు."

ఆ మాటకి ఆమె కళ్ళెత్తి వాణ్ణి చూసింది. ఆమెకు వాడంటే ఎంత ఇష్టమో నాకు తెలుసు. "తెలుసు నాన్నా," అంది. "అయినా జరగను."

నేను నోరు మూసుకుని కూర్చున్నాను. నేను నోరు మూసుకోవడం అరుదు కాబట్టి కారణం చెప్పాలి. అంతకు ముందు ఏడు, వాళ్ళమ్మ గున్నమ్మ నరసన్నపేటలో పోయినప్పుడు, ఫోను తెల్లవారుజామున వచ్చింది. ఆ రోజు సెమిస్టరు పరీక్ష మొదటి రోజు. పిండి రుబ్బి ఉంది, కుర్రాళ్ళు వరసలో ఉన్నారు. వాళ్ళకి పెట్టేసి వెళ్ళమన్నాను నేను. ఒక్క గంటలో ఏం పోతుందన్నాను. ఆమె రెండోసారి అడగలేదు, అట్లు పోసింది. నరసన్నపేట చేరేసరికి శవం లేచిపోయింది. తల్లి మొహం చూడలేదు. ఆ తప్పు నాది. క్షమించమని నేను అడగలేదు, ఆమె నిలదియ్యలేదు. ఆ ఆదివారం వంతెన మీద ఆమె ఎవరికి అడ్డం నిలబడిందో కుర్రాళ్ళకి తెలియదు. నాకు తెలుసు. ఆ రోజు పొద్దున్న పొయ్యి ముట్టించమన్న నాకే అడ్డం నిలబడింది.

హరిచరణ్ అయిదు దాకా అక్కడే నిలబడ్డాడు. గడియారం అయిదు కొట్టింది. కోట గోడ మీద విజయనగరం పేరు చెక్కినట్టు పడింది. అయిదూ ఒక నిమిషానికి గున్నమ్మని గుంపులోంచి తీసేశారు. తీసింది హరిచరణే, మా ఎదురుగానే, తన ఫోనులో. ఆమె చూసింది. పరదా ఎత్తి పొయ్యి వెలిగించింది.

మూడు రోజులు కుర్రాళ్ళు బండి వైపు రాలేదు. నాలుగో రోజు వచ్చారు, ఎందుకంటే రోడ్డు అవతల బండివాడి చట్నీలో కొబ్బరి ఉండదు. వరసలో నిలబడి తిన్నారు. ఆమె మామూలుగా పెట్టింది. వాళ్ళకి ఉప్పు ఎక్కువ వెయ్యమని నేను సలహా ఇచ్చాను. అట్టుకీ దానికీ సంబంధం లేదు అత్తా, అంది.

కర్మలన్నీ అయ్యాక మోహనకృష్ణ మేష్టారు విజయనగరం నుంచి బస్సులో వచ్చారు. గుండు, సన్నటి మనిషి, వయొలిన్ కమాను పట్టే వేళ్ళు. బండి ముందు నిలబడి, గున్నమ్మ గారంటే మీరేనా, అని అడిగారు. ఆమె అవునంది. రెండేళ్ళుగా ఒకరి డాలుని ఒకరు గుద్దినవాళ్ళు మొదటిసారి ఎదురెదురు పడి, ఏం మాట్లాడాలో తెలియక, ఇడ్లీ ఎలా ఉందని ఒకరు, బాగుందని ఒకరు అనుకున్నారు. చెయ్యి కడుక్కున్నాక ఆయన అసలు మాట చెప్పారు. మా గుంపులోకి రండి, గేటు దగ్గర నా పక్కన మీ చోటు, అన్నారు.

ఆశపడుతుందని నేననుకున్నాను. ఆమె చోటు పోయిందని నాకు తెలుసు, ఆదివారం నాలుగింటికి ఆమె గిన్నెలు రెండుసార్లు తోముతోందనీ తెలుసు.

"మీ పక్కన నిలబడి నానేటి సెయ్యాలి మేష్టారూ?" అంది ధనలక్ష్మి. "మీ ఎదర నిలబడితేనే కదా అది యుద్దం."

ఆయన లేచి దండం పెట్టారు. కొత్త సీజను వచ్చే నెల మొదటి ఆదివారం అని మాత్రం చెప్పి వెళ్ళారు.

ఆ ఆదివారం ఆమె వెళ్ళింది. గుంపు లేదు. గుంపు లేనివాళ్ళు కోట దగ్గరికి వెళితే ఎవరైనా కొట్టవచ్చు. పడితే చేతిలోదే కాదు, ఒంటి మీద ఉన్నదంతా పోతుంది. అది తెలిసే వెళ్ళింది. ఒక్కర్తీ వంతెన మధ్యకి నడిచి, ఈసారి గేటు వైపు తిరిగి నిలబడింది. వెనక హరిచరణ్ గుంపు, ముప్ఫై మంది, వాళ్ళకి కొత్త డాలు మనిషి. చదువైపోయినా హరిచరణ్ ఇంకా హాస్టలూ ఖాళీ చెయ్యలేదు, ఆటా మానలేదు. ముందు విజయనగరం గుంపు. గేటు తెరుచుకుని మేష్టారు ఒక్కరే బయటికి వచ్చారు. కత్తి దించారు. కాఫీలయ్యాయా అని అడిగారు. ఈసారి అరవై మందిలో ఒక్కరూ నవ్వలేదు.

పద్దెనిమిది నిమిషాలు కొట్టుకున్నారు. మొదట్లో ఆమెదే పైచెయ్యి. ఎనిమిది దెబ్బలు కాచుకోవడం, ఆగిన చోట నెట్టడం. నెట్టినప్పుడల్లా మళ్ళీ మీదికొస్తూ మేష్టారు గేటు నుంచి దూరంగా వచ్చేశారు. అప్పుడు హరిచరణ్ గుంపులో ఎవరో అరిచారు, గేటు ఖాళీ, పక్కనుంచి దూరిపోదాం, వంతెన మీద చోటుంది అని. నిజమే, చోటుంది. దూరితే కోట వాళ్ళది.

"ఎవరూ కదలొద్దు," అన్నాడు హరిచరణ్.

ఎందుకని ఎవరో అడిగారు. వాడు తన కత్తి దించాడు. ముప్ఫై మందీ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. నెల కిందట వాళ్ళని ఆపడానికి ఆమె వంతెన మూయవలసి వచ్చింది. ఈసారి వంతెన తెరిచే ఉంది.

చివర్లో మేష్టారు తాళం మార్చారు. ఎనిమిది కొట్టి ఆగలేదు, తొమ్మిదోది కూడా కొట్టారు. ఆమె నెట్టబోయింది, డాలు పక్కకి పోయింది, గున్నమ్మ పడిపోయింది. ఏడాదిన్నర డాలు వంతెన మీద దొర్లింది. మేష్టారు వంగి దాన్ని తీసుకున్నారు. గెలిచినవాడు తీసుకోవాలి. వదిలేసి వెళితే అది జాలి, జాలి చూపిస్తే మా కోడలు ఆయన్ని జన్మలో క్షమించదు. ఆ రాత్రి ఆయన డాలు తిరిగి పంపిస్తానని కబురు పెట్టారు. పంపిస్తే మళ్ళీ మీతో కొట్టుకోను అని ఆమె జవాబిచ్చింది. ఆయన పంపలేదు.

ఆ ఆదివారం ఆమె పడ్డాక యుద్ధం మామూలుగా సాగింది. హరిచరణ్ గుంపు ఓడిపోయింది. ఆమె పడ్డ పదిహేనో నిమిషంలో కొత్త డాలు మనిషి వంతెన దిగి పరిగెత్తాడని విన్నాను. నేను చూడలేదు, నా కళ్ళు ఆమె మీదే ఉన్నాయి. ఆమె ఏడవలేదు. "తొమ్మిదోది కొట్టేసినాడు అత్తా," అంది. కొత్త పాట విన్నదానిలా మొహం పెట్టింది.

సోమవారం పొద్దున్న హరిచరణ్ వచ్చాడు. వరసలో నిలబడ్డాడు. వంతు వచ్చాక, పిన్నీ, గుంపులోకి వచ్చెయ్, అన్నాడు. ఆమె అట్టు తిప్పింది. వాడు గొంతు తగ్గించి, "కానీ మళ్ళీ అప్పటిలా అడ్డుకోనని ఒక మాటియ్యి," అన్నాడు.

"మళ్ళీ అలాటి రోజొస్తే మళ్ళీ అడ్డంగానే నిలబడతాను. అలాగైతే పిలు. లేకపోతే ఉల్లట్టు తినీసి ఎల్లు."

వాడు ఉల్లట్టు తిన్నాడు. తిని చెయ్యి కడుక్కుని, ఆలోచించుకుని చెబుతాను పిన్నీ అని వెళ్ళాడు. ఇది రాసే నాటికి ఇంకా ఆలోచిస్తున్నాడు. ఆలోచించుకోనివ్వండి, తొందరేం లేదు. ఆమె మాట మారదు కాబట్టి మారవలసింది వాడే.

ఈలోగా ధనలక్ష్మి ఊరుకోలేదు. కొత్తగా చేరినవాళ్ళకి ఆ ఆటలో ఇచ్చే చెక్క డాలు ఒకటుంటుంది, పీటలా ఉంటుంది. అది పట్టుకుని అడవిలో పందుల్ని కొట్టుకుంటూ మొదటి మెట్టు నుంచి మళ్ళీ ఎక్కుతోంది. పప్పు నానబెట్టాక అరగంట, పిండి రుబ్బాక అరగంట. ఇంకో ఏడాదిన్నర పడుతుందని నేనంటే, పట్టనీ అంది. ఆదివారాలు మాత్రం ఆ చెక్క డాలుతోనే వంతెన మీదికి వెళుతోంది. మొదటివారం మూడు నిమిషాల్లో పడింది. రెండోవారం అయిదు నిమిషాలు. పడ్డ ప్రతిసారీ ఆ పీట కూడా పోతుంది, ఇంకొకటి తెచ్చుకుంటుంది. పోయినవారం పదకొండు నిమిషాలు నిలబడింది.

వచ్చే ఆదివారం కూడా నాలుగింటికి అక్కడే ఉంటుంది. దాటగలిగినవాణ్ణి దాటమనండి.